శుద్ధ రిషభం దగ్గర ఆగిపోయిన నాలుగేళ్లు: నా కేవీఎస్ మ్యూజిక్ టీచర్ ప్రిపరేషన్

కేంద్రీయ విద్యాలయాల (కేవీఎస్) ప్రైమరీ మ్యూజిక్ టీచర్ సెలెక్షన్ లిస్టులో నా నెంబరు కనపడి ఇవాళ్టికి పన్నెండు రోజులు. అమ్మ ఇప్పటికీ ఆ పీడీఎఫ్‌ని రోజూ ఒకసారి తెరిపించుకుని చూస్తోంది. "అన్నా, ఏ బుక్స్ చదివావు, ఎలా చదివావు" అని చాలామంది అడిగారు. విడివిడిగా చెప్పలేక అందరికీ ఒకేసారి రాస్తున్నాను. ముఖ్యంగా నాలాగా కర్ణాటక సంగీతం నుంచి ఈ పరీక్షకు వచ్చే తమ్ముళ్లకీ చెల్లెళ్లకీ. సిలబస్, ప్యాటర్న్ మీకు తెలిసినవే, వాటి జోలికి పోను.

మాది విజయనగరం. 1919లో మొదలైన మహారాజా సంగీత కళాశాల మా ఊళ్లోనే ఉంది. ఆదిభట్ల నారాయణదాసు గారు తొలి ప్రిన్సిపాల్, తర్వాత ద్వారం వెంకటస్వామినాయుడు గారు. ఆ మెట్లెక్కి గాత్రం నేర్చుకున్నానన్న గర్వం నాకు ఎప్పుడూ ఉంది. సర్టిఫికెట్, డిప్లొమా అయ్యాయి, సంగీతంలో డిగ్రీ కూడా చేతికొచ్చింది. అప్పుడే 2018 నోటిఫికేషన్ పడింది, ప్రైమరీ టీచర్ మ్యూజిక్ పోస్టులు 201. ఈ ఉద్యోగం నాదే అనుకున్నాను. 72 మేళకర్తలు (కర్ణాటక సంగీతంలో మూల రాగాలు) నిద్రలో లేపి అడిగినా చెప్పేవాణ్ణి. హిందీ, జీకే, పెడగాజీ మీద పడ్డాను తప్ప సబ్జెక్టు పుస్తకం సరిగ్గా తెరవలేదు.

సరిగ్గా సబ్జెక్టులోనే పోయింది. ప్రశ్నలు హిందుస్తానీ పద్ధతిలో అడిగారు, నాకు వచ్చింది కర్ణాటకం.

తోడి అనగానే నా చెయ్యి మన హనుమతోడి స్వరాల మీదికే వెళ్లింది. హిందుస్తానీలో తోడి థాట్ (థాట్ అంటే మన మేళకర్త లాంటిది) అంటే మన శుభపంతువరాళి. మన తోడి స్వరాలు వాళ్ల దగ్గర భైరవి థాట్. మన భైరవి మళ్లీ వేరే రాగం. హిందోళం చూసి హిందోల్ అనుకున్నాను. మన హిందోళం వాళ్లకు మాల్కౌంస్, వాళ్ల హిందోల్ కల్యాణ్ థాట్‌లోది. మన శ్రీరాగం ఖరహరప్రియ జన్యం (దాన్నుంచి పుట్టింది), వాళ్ల శ్రీ పూర్వీ థాట్. తాళాల్లోనూ అంతే. మనం మామూలుగా వేసే రూపకం ఆరు అక్షరాలు, వాళ్ల రూపక్ ఏడు మాత్రలు, పైగా సమం (తాళంలో మొదటి మాత్ర) మీదే ఖాళీ, అంటే చప్పట్టు లేని చోటు, పడుతుంది. తెలియక వదిలేసిన ప్రశ్నలు తక్కువ. తెలుసనుకుని ధైర్యంగా పెట్టిన జవాబులే ఎక్కువ తప్పాయి. కీ చూసుకున్న రాత్రి అన్నం తినలేదు.

అన్నిటికంటే బాధ పెట్టింది 'శుద్ధ' అనే మాట. పదేళ్లుగా రోజూ పొద్దున్న మాయామాళవగౌళ రాగంలో సరళీ స్వరాలు (తొలి పాఠాలు) పాడినవాణ్ణి, శుద్ధ రిషభం, అంటే 'రి'లో అన్నిటికంటే కింది స్థానం, నాకు తెలియదా! కానీ మన శుద్ధ రిషభాన్ని వాళ్లు కోమల్ (కిందికి దించిన) రే అంటారు. వాళ్ల శుద్ధ రే మన చతుశ్శ్రుతి రిషభం. వాళ్ల శుద్ధ గ మన అంతర గాంధారం. స, ప లను పక్కన పెడితే, 'శుద్ధ' అన్న మాట రెండు పద్ధతుల్లోనూ ఒకే స్థానాన్ని చెప్పేది ఒక్క మధ్యమం దగ్గరే. ఇది తెలుసుకోవడానికి నాకు ఒక నోటిఫికేషన్ ఖర్చయింది.

తర్వాతి నోటిఫికేషన్ 2022 చివరిదాకా రాలేదు. ఈ నాలుగేళ్లూ ఖాళీగా కూర్చున్నానని చుట్టాలు అన్నారు. లేదు. సాయంత్రాలు సంగీతం ట్యూషన్లు చెప్పాను, కరోనాలో ఫోన్ మీద చెప్పాను, ఇంటి ఖర్చులో సగం నేనే చూశాను. చదువు ఆలస్యమైందంటే అందుకే, బద్ధకంతో కాదు. ఈ మాట రాయకపోతే నాకు మనసు ఊరుకోదు.

మొదట్లో టేబుళ్లు గీసి బట్టీ పట్టాను. వారం తిరిగేసరికి మళ్లీ కలగాపులగం. ఒకరోజు గురువుగారి దగ్గరికి వెళ్లి చెప్పుకుంటే ఆయన నోట్సు మూయించారు. "పేర్లు తర్వాతరా నాయనా. హార్మోనియం తియ్యి. మెట్టు నొక్కు, స్థానం పాడు" అన్నారు. ఆ రోజు నుంచి పన్నెండు మెట్లు, ఒక్కోదానికి రెండు పేర్లు. మెట్టు నొక్కి పాడుతూ ముందు మన పేరు, వెంటనే వాళ్ల పేరు. ఇరవై రోజులకి నాలుక దానంతటదే తిరిగింది. ఆ తర్వాత హిందుస్తానీ రాగాలను వర్గీకరించిన భాత్‌ఖండే గారి పది థాట్‌లు పాడుతూనే నేర్చుకున్నాను: బిలావల్ శంకరాభరణం, ఖమాజ్ హరికాంభోజి, కాఫీ ఖరహరప్రియ, ఆసావరి నఠభైరవి, భైరవ్ మాయామాళవగౌళ, కల్యాణ్ మన కల్యాణి, మార్వా గమనశ్రమ, పూర్వీ కామవర్ధని. తోడి, భైరవి సంగతి పైన చెప్పాను. తీన్‌తాల్ పదహారు, ఏక్‌తాల్ పన్నెండు, ఝప్‌తాల్ పది, ఇవన్నీ చేత్తో వేస్తూ ఠేకా (తబలా మీద ఆ తాళానికి పలికే బోల్స్) నోటితో చెప్పాను. భాత్‌ఖండే నొటేషన్‌లో కోమల స్వరానికి కింద గీత, తీవ్ర (పైకి ఎక్కించిన) మధ్యమానికి పైన నిలువు గీత. అది కూడా నాకొచ్చిన కీర్తనలనే ఆ లిపిలో రాసుకుంటూ పట్టుకున్నాను.

సంగీతం పరీక్షకి చదివే వాళ్లలో చాలామంది సాధన మానేసి పుస్తకం పట్టుకుంటున్నారు. దయచేసి ఆ పని చెయ్యకండి. పొద్దున్న నాలుగున్నరకి లేచి శ్రుతి పెట్టుకుని గంట పాడని రోజు నాకు మధ్యాహ్నం చదివింది కూడా నిలవలేదు. ఫోన్ పక్క గదిలో పెట్టండి. లేవలేకపోతున్నాం అనేవాళ్లకి నా దగ్గర వేరే సమాధానం లేదు, లేవాలి.

ఈసారి పోస్టులు 303. రాత పరీక్ష గట్టెక్కింది. హిందీ మాత్రం నాకు చివరిదాకా భయమే. పాత పేపర్లు తప్ప ఏమీ చదవలేదు, అవి సరిపోయాయి.

పెర్ఫార్మెన్స్ టెస్టు గురించి ఒక్కటి చెప్పాలి. కచేరీలోలాగా రాగం ఎత్తుకుని, నెరవు చేసి (ఒకే పంక్తిని రకరకాలుగా విస్తరించి), కల్పనస్వరాలు (అప్పటికప్పుడు అల్లే స్వరాలు) వేద్దామని మొదట అనుకున్నాను. మా ట్యూషన్ పిల్లలే నన్ను ఆపారు. వాళ్లకి ఒక హిందీ ప్రార్థన నేర్పి చూశాను. నా ఒంటికట్టె శ్రుతిలో (కట్టె సంఖ్య పెరిగేకొద్దీ శ్రుతి ఎత్తు) వాళ్లకు కింది స్వరాలు పలకలేదు. ఐదు కట్టెకి ఎత్తగానే గది మోగింది. మనల్ని తీసుకునేది కచేరీకి కాదు, ఒకటి నుంచి ఐదు తరగతుల పిల్లలకి. అందుకని హార్మోనియం నేనే వాయిస్తూ, వాళ్ల శ్రుతిలో, ఒక్కో లైను పాడి పిల్లల చేత తిరిగి పాడించేలా రెండు నెలలు అలవాటు చేసుకున్నాను. టెస్టులో కీర్తన పాడాను, కానీ చిన్నదే. ప్రార్థన మాత్రం తరగతిలో చెప్పినట్టే చెప్పాను.

పన్నెండు మెట్లకి రెండేసి పేర్లు రాసుకున్న అట్ట ఇంకా నా దగ్గరే ఉంది, అంచులు చిరిగాయి. పోస్టింగ్ ఎక్కడ వస్తే అక్కడికి హార్మోనియంతో పాటు దాన్నీ తీసుకెళ్తాను. కావాల్సినవాళ్లు అడగండి, ఫోటో తీసి పంపిస్తాను.