పసుపు చెయ్యి

“చెయ్యికి పసుపు రంగు ఎందుకేశావమ్మా?” అని అడిగా. “దెబ్బ తగిలితే మా జేజి పసుపు అద్దుతుంది కద సార్, ఆ చెయ్యి” అనింది.

అనంతపురంలో మా డ్రాయింగ్ క్లాసుకు ఈరోజు అంశం ‘దయ’. తెల్ల పావురాలు, గులాబీ గుండెలు చాలానే వచ్చాయి. ఈ పాప మొహం కూడా గీయలేదు. దోక్కుపోయిన మోకాలు, దానిమీద ముడతలు పడిన చెయ్యి. వేళ్ల కొసల్లో పసుపు చిక్కగా, మణికట్టు దగ్గరికొచ్చేసరికి పల్చగా. నాకు మాట రాలేదు.

లేపాక్షి గుర్తొచ్చింది. అక్కడి వీరభద్రస్వామి గుడి పైకప్పు మీద, 16వ శతాబ్దంలో, దూడను పోగొట్టుకున్న ఆవుకు న్యాయం చేసిన మనునీతి చోళుడి కథ గీశారు. అదీ ఎక్కువగా కావి, పసుపు, నలుపు, తెలుపు రంగుల్లోనే.

వచ్చే ఆదివారం పిల్లలందర్నీ తీసుకెళ్లి ఆ ఆవును చూపిస్తా. తోడుగా ఎవరైనా వస్తే సంతోషం.