క్యాసెట్ కామిక్: 31వ పేజీ దాకా వచ్చింది

మొన్న ఆదివారం రాత్రి 31వ పేజీ పెట్టాను. విలన్ ముఖం బయటపడిన పేజీ అది. ఏప్రిల్‌లో మొదలుపెట్టి వారానికి ఒకటి చొప్పున గీస్తున్నాను. దసరా, సిరిమానోత్సవం రోజుల్లో మాత్రం మూడు వారాలు ఆగింది. విజయనగరంలో ఫ్లెక్సీ డిజైన్ పని చేసేవాడికి అమ్మవారి పండగ వస్తోందంటే అన్నం తినడానికి కూడా తీరిక దొరకదు. ఇప్పటిదాకా జరిగిన పని, చదివేవాళ్ళు విలన్ గురించి కట్టిన ఊహలు, వాటివల్ల కథలో మారినవి, మారనివి ఒకచోట రాసుకుంటున్నాను. 31వ పేజీ ఇంకా చూడనివాళ్ళు ముందు అది చదివి రండి. ఇక్కడ ఏదీ దాచడం లేదు.

కథ కొత్తవాళ్ళ కోసం రెండు ముక్కల్లో. మా చిన్నప్పుడు టీవీకి తగిలించే వీడియో గేమ్‌లో పసుపు రంగు క్యాసెట్ ఒకటి ఉండేది. మీద '9999 ఇన్ 1' అని రాసి ఉంటుంది. లోపల ఉన్నవి పట్టుమని పది ఆటలు, వాటినే పేర్లు మార్చి, మధ్య లెవెల్ నుంచి మొదలయ్యేలా చేసి అన్ని వేల సార్లు లిస్టులో పెట్టేవారు. నా కామిక్‌లో ఆ ఆటల మధ్య గోడలు పడిపోతాయి. మారియో, ప్యాక్‌మ్యాన్, దాన్ని తరిమే నాలుగు దెయ్యాలు, స్పేస్ ఇన్వేడర్స్ సైన్యం, బాతుల్ని కాల్చే డక్ హంట్ ఆటలోని కుక్క అందరూ ఒకే వీధిలో బతకాల్సి వస్తుంది. మెగామ్యాన్ అనే రోబో హీరో మా క్యాసెట్‌లో లేడు. రాజాంలో ఉండే మా బావ క్యాసెట్ నుంచి అప్పు తెచ్చుకున్నాను. గోడలు ఎవరు పడగొట్టారన్నదే 31 పేజీల ప్రశ్న.

ముందు కొలతలు. ఆ పాత మెషిన్ తెర 256 అడ్డం, 240 నిలువు చుక్కలు. ప్రతి బొమ్మా నేను సరిగ్గా అదే సైజులో గీసి, చివర్లో నాలుగు రెట్లు పెంచుతాను. అంటే 1024, 960. పెంచేటప్పుడు జింప్ అనే బొమ్మల సాఫ్ట్‌వేర్‌లో ఇంటర్‌పోలేషన్ అన్నచోట 'నన్' అని పెట్టాలి, లేకపోతే చుక్కల అంచులు మసకబారిపోతాయి. సేవ్ చేసేది పీఎన్‌జీగానే. జేపెగ్ చేస్తే ఎర్రరంగు చుట్టూ మురికి పట్టినట్టు కనిపిస్తుంది. మూడు బొమ్మలు ఒకదాని కింద ఒకటి పేరిస్తే ఒక పేజీ. ఫోన్‌లో వేలితో జరుపుకుంటూ చదవడానికి ఇదే సుఖం.

రంగుల్లో ఒక నియమం పెట్టుకున్నాను. ఆ మెషిన్‌లో కదిలే బొమ్మకి మూడు రంగులే, నాలుగోది ఖాళీ. అలాగే ఒకే అడ్డ వరుసలో 8 చుక్కల వెడల్పున్న ముక్కలు ఎనిమిదికి మించి చూపలేదు. తొమ్మిదోది ఆ వరుసలో కనబడదు. మనం ఆడేటప్పుడు బొమ్మలు మినుకుమినుకుమనేది అందుకే. పాత్ర వెడల్పు 16 చుక్కలు కాబట్టి నా కామిక్‌లో ఒకే వరుసలో నలుగురే నిలబడగలరు. ఐదోవాడు వస్తే ఎవరో ఒకరు మాయం కావాలి. 5వ పేజీలో మారియో పక్కనున్న బాతు అలా మాయమైనప్పుడే ఊహలు మొదలయ్యాయి.

అసలు కష్టం తెలుగు అక్షరాలతో వచ్చింది. ఇంగ్లీషు అక్షరం 8 చుక్కల చదరంలో హాయిగా కూర్చుంటుంది. 'స్త్రీ' అని రాసి చూడండి. పైన గుడిదీర్ఘం, మధ్యలో స, కింద త వత్తు, ర వత్తు. 8 చుక్కల్లో అది నల్లటి మచ్చ. మూడు వారాలు గళ్ళ పుస్తకంలో పెన్సిల్‌తో నింపి, తుడిచి, చివరికి 16 వెడల్పు, 24 ఎత్తు దగ్గర స్థిరపడ్డాను. పైన తలకట్టుకి, గుడికి 6 వరుసలు, అక్షరానికి 10, వత్తులకి 8. అయినా ప, వ దగ్గర దెబ్బతిన్నాను. తలకట్టుకీ అక్షరానికీ మధ్య ఒక్క చుక్క ఖాళీ పూడిపోతే ప కాస్తా వ అయిపోతుంది. 9వ పేజీలో ప్యాక్‌మ్యాన్ 'పండు తిను' అనాలి. పెట్టిన గంటలోపే మా మేనకోడలు ఫోన్ చేసి, "మావయ్యా, 'వండు తిను' అంటున్నాడేటి?" అంది. రెండు చుక్కలు చెరిపి మళ్ళీ పెట్టాను. అక్కడ పండు అన్న మాట స్పష్టంగా కనబడడం నాకు చాలా ముఖ్యం. ఎందుకో కింద చెప్తాను.

మామూలు మాటలకి గురజాడ ఫాంట్ వాడుతున్నాను. యూనికోడ్‌ది, ఉచితం, పైగా మా ఊరి మహాకవి పేరు. షాపులో రోజంతా కొట్టేది అనూ ఫాంట్లు. ఆ అక్షరాలు కాపీ చేసి వేరేచోట పెడితే ఇంగ్లీషు గజిబిజి అయిపోతుంది కాబట్టి కామిక్‌కి పనికిరాదు. మాటలన్నీ ఇంక్‌స్కేప్ అనే డ్రాయింగ్ సాఫ్ట్‌వేర్‌లో కొట్టి, బొమ్మగా మార్చి అతికిస్తాను. ఒకసారి ఫోన్ యాప్‌లో ప్రయత్నిస్తే వత్తులు విడిపోయి పక్కన నిలబడ్డాయి. 17వ పేజీ మొత్తం రెండోసారి చేయాల్సి వచ్చింది.

ఇక ఊహలు. చదివేవాళ్ళు పట్టుమని ఇరవై మంది. అందులో నలుగురు మాత్రం కేసు పట్టిన లాయర్లలా వెంటపడ్డారు.

మా బావది మొదటి వాదన. ప్రతి బొమ్మ పైన మూలలో ఎనిమిది చిన్న దీపాలు వరుసగా ఉంటాయి, కొన్ని వెలిగి, కొన్ని ఆరి. ఆయన దాన్ని చూసి, "ఏటి బావా, ఇది డాక్టర్ వైలీ పనే. మెగామ్యాన్ రెండో ఆటలో ఎనిమిది మంది రోబోలు కదేటి? దీపానికి ఒకడు" అన్నాడు. వైలీ అంటే మెగామ్యాన్ ఆటల్లో విలన్, ఆ రోబోల్ని నడిపేవాడు. చాలా మంచి ఊహ. 1988లో వచ్చిన ఆ ఆటలో రోబో సర్దారులు నిజంగా ఎనిమిదిమందే. ఆయన లెక్క ప్రకారం ఒక్కో రోబో ఓడినప్పుడు ఒక్కో దీపం ఆరాలి. 7వ పేజీ దాకా ఆ వాదనని కాదనడానికి ఎవరికీ ఆధారం దొరకలేదు.

బొబ్బిలి స్నేహితుడు కుక్క మీద పడ్డాడు. దీని వెనక ఒక నిజమైన సంగతి ఉంది. డక్ హంట్ తుపాకీ గుండు వదలదు, వెలుతురుని చూస్తుంది. మీట నొక్కగానే తెర క్షణంపాటు నల్లబడి, బాతు ఉన్నచోట తెల్ల గడి మెరుస్తుంది. గొట్టంలోని కన్నుకి ఆ తెలుపు కనబడితే తగిలినట్టు. ఇదంతా పాత డబ్బా టీవీ లెక్కకి కట్టింది. ఇప్పటి పల్చటి టీవీలో బొమ్మ కాస్త ఆలస్యంగా వస్తుంది కాబట్టి ఎన్నిసార్లు పేల్చినా తగలదు. కుక్క లేచి నవ్వుతూనే ఉంటుంది. కామిక్ పని కోసం నేను పాత మెషిన్‌ని కన్వర్టర్ పెట్టి కొత్త టీవీకి తగిలించినప్పుడు మేమిద్దరం ఇది కళ్ళారా చూశాం. "ఈ రోజుల్లో ఓడించలేని వాడు ఆ కుక్క ఒక్కటే, అదే విలన్" అన్నాడు వాడు. ఆ మాట అంత బాగుండి, 19వ పేజీలో కుక్క చేతే అనిపించాను. విలన్‌గా మాత్రం చేయలేదు. అది నవ్వుతుందే కానీ ఎవరి గోడా పడగొట్టదు.

(క్యాసెట్ గురించి ఒక మాట. లోపల నోటితో ఊదకండి. తడి తగిలి రాగి పట్టీలు పాడవుతాయి. ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌లో ముంచిన చెవిపుల్లతో తుడిచి, ఆరాక పెడితే సరిపోతుంది. మాది అలాగే లేచింది.)

షాపులో నాతో పనిచేసే అబ్బాయిది మూడో వాదన. 9999 కాపీల్లో అసలు మారియో ఎవరు, మనం చూస్తున్నవాడు నకలైతే అసలువాడే విలన్ కదా అని. దానికి సమాధానం నా దగ్గర ఇంకా లేదు. ఆ ప్రశ్నకి కథలో చోటు మిగిల్చి ఉంచాను.

నాలుగోది మా మేనకోడలిది. నెల్లిమర్లలో ఉంటుంది, ఇంటర్ మొదటి సంవత్సరం ఎంపీసీ. జులైలో ఒక ఆదివారం మా ఇంటికొచ్చి, భోజనాలయ్యాక ఫోన్‌లో 7, 8 పేజీలు పక్కపక్కన పెట్టి చూపించింది. 7లో కుడివైపు మూడు దీపాలు వెలుగుతున్నాయి. 8లో ఆ మూడూ ఆరిపోయి నాలుగోది ఒక్కటే వెలిగింది. "రోబోలైతే ఒక్కొక్కటే ఆరాలి మావయ్యా. ఇవి పేజీ నంబర్లు" అంది. అప్పటికి నేను పెట్టినవి 13 పేజీలే. తను ఒక చీటీ మీద, 15లో నాలుగు వెలుగుతాయి, 16లో నాలుగూ ఆరి ఐదోది వెలుగుతుంది అని రాసి, మడిచి, మా దేవుడి గూట్లో పెట్టి వెళ్ళింది.

అది నిజమే. దీపం వెలిగితే ఒకటి, ఆరితే సున్నా. కుడినుంచి ఒక్కో దీపం విలువ 1, 2, 4, 8, 16, 32, 64, 128. అన్నీ వెలిగితే 255. ఆ తర్వాత ఒకటి కలిపితే పెట్టడానికి తొమ్మిదో దీపం లేదు, అన్నీ ఆరిపోయి సున్నా. 1980లో వచ్చిన ప్యాక్‌మ్యాన్ ఆర్కేడ్ మెషిన్‌లో సరిగ్గా ఇదే జరిగింది. లెవెల్ నంబర్ దాచుకునే చోటు ఎనిమిది బిట్లే, అంటే ఎనిమిది దీపాల్లాంటివే. 256వ లెవెల్‌లో ఆ అంకె సున్నాకి తిరిగిపోతుంది. తెర కింద లెవెల్‌కి గుర్తుగా పళ్ళ బొమ్మలు గీస్తారు, ఎక్కువలో ఎక్కువ ఏడు. లెక్క తప్పిన మెషిన్ అక్కడ 256 పళ్ళు గీయబోతుంది. అవి పొంగి తెర కుడి సగమంతా చెత్త అక్షరాలతో నిండిపోతుంది. ఆ సగంలో తినాల్సిన చుక్కలు సరిపడా ఉండవు కాబట్టి ఆ లెవెల్ ఎప్పటికీ పూర్తికాదు. 9వ పేజీలో పళ్ళ బండి వీధికి కుడివైపునే ఎందుకు ఉంది, పళ్ళు రోడ్డు మీదికి ఎందుకు దొర్లుతున్నాయి అన్నదానికి సమాధానం అదే. మేనకోడలు ఆ బండిని కూడా పట్టుకుంది. "ఈ దీపాలు వెలిగిస్తున్నవాడే విలన్" అంది.

ఆ రాత్రి నాకు నిద్రపట్టలేదు. విలన్‌ని మార్చేయాలా అన్న ఆలోచన రెండు రోజులు పీడించింది. విలన్ ముఖం చూపించడానికి ఇంకా 18 పేజీలు ఉండగానే తెలిసిపోతే చదివేవాళ్ళకి ఏం మిగులుతుంది అని టెన్షన్. వైలీకి అప్పగించేస్తే సులభం, బావ కూడా సంతోషిస్తాడు. కానీ ఆ దీపాలు నేను మొదటి పేజీ నుంచి నిజాయితీగా వెలిగిస్తూ వచ్చాను. ఒక పిల్ల వాటిని చదివి, లెక్కేసి, జరగబోయేది చీటీ మీద రాసిందంటే సూచనలు సరిగ్గా పనిచేశాయన్నమాట. ఇప్పుడు విలన్‌ని మారిస్తే జాగ్రత్తగా చదివినందుకు ఆమెని శిక్షించినట్టవుతుంది. అందుకే మార్చలేదు. 16వ పేజీ పెట్టిన రోజు చీటీ విప్పి అందరికీ చదివి వినిపించాం. కానీ ఆ దీపాలవాడు ఎలా ఉంటాడో, గోడలెందుకు పడగొడతాడో ఇంకా ఎవరికీ తెలియదు. మిగిలిన పేజీలన్నీ దాని మీదే నడిపాను.

22వ పేజీలో నేను చేసిన తప్పు కూడా రాయాలి. గులాబి దెయ్యం పింకీ, ప్యాక్‌మ్యాన్ ఎటు చూస్తుంటే అటు నాలుగు గళ్ళ ముందుకి గురిపెడుతుంది. ప్యాక్‌మ్యాన్ పైకి చూస్తున్నప్పుడు మాత్రం అసలు ఆటలో ఒక లోపం ఉంది: గురి నాలుగు పైకి, నాలుగు ఎడమకి పోతుంది. నేను ఆ ఎడమ సంగతి మర్చిపోయి నేరుగా పైన నిలబెట్టాను. బొబ్బిలివాడు పట్టుకుని, "పింకీ కావాలనే తప్పు నిలబడింది, విలన్‌తో కుమ్మక్కైంది" అని కొత్త వాదన లేవదీశాడు. కావాలనే చేశానని చెప్పి కథలో కలిపేసుకోవచ్చు. అది నాకు ఇష్టంలేదు. తప్పు నాదని చెప్పి, పింకీని నాలుగు గళ్ళు ఎడమకి జరిపి పేజీ మళ్ళీ పెట్టాను. ఆధారాల్లో ఒక్కటి అబద్ధమైతే మిగతావాటిని నమ్మేదెవరు?

విలన్ రూపం పాత కాలం కరణానిది. తలపాగా, చెవిలో కలం, ఒళ్ళో దస్తరం. 16 వెడల్పు, 32 ఎత్తు. తెలుపు, గోధుమ, నలుపు, అంతే. మీసానికి ఐదు చుక్కలు పట్టాయి. నాలుగైతే దిగులుగా, ఆరైతే కోపంగా కనబడుతున్నాడు. ఇతను కోపిష్టి కాకూడదు. ఆటలన్నిటి ప్రాణాలు, పాయింట్లు, లెవెళ్ళు ఒక్కడే లెక్క రాస్తున్నాడు, దస్తరంలో చోటేమో ఎనిమిది గళ్ళు. 27వ పేజీలో స్పేస్ ఇన్వేడర్స్ యుద్ధం పెట్టింది ఇది చూపించడానికే. 1978 నాటి ఆ ఆటలో 55 మంది శత్రువులు. వాళ్ళు చచ్చేకొద్దీ మిగిలినవాళ్ళు వేగంగా నడుస్తారు, ఎందుకంటే మెషిన్‌కి గీయాల్సిన పని తగ్గుతుంది. కరణం అది గమనించాడు: మనుషులు తగ్గితే లెక్క తేలిక. గోడలు పడగొట్టి అందరినీ ఒకే వరుసలోకి తోస్తే ఐదోవాడు వాడంతట వాడే మాయమవుతాడు. 5వ పేజీ బాతు దగ్గర మొదలైంది అదే.

31వ పేజీ పెట్టాక బావ ఫోన్ చేసి, "పాపం రా బావా, ఆడికి ఇంకో దీపం ఇచ్చేస్తే పోద్ది కదేటి" అన్నాడు. ఆ మాట నేను అనుకోలేదు. దస్తరం పక్కన రాసిపెట్టుకున్నాను.

కథ 256 పేజీలూ వెళ్తుందా అని మేనకోడలు అడుగుతోంది. వారానికి ఒకటి చొప్పున మొత్తం ఐదేళ్ళకి కాస్త తక్కువ. వెళ్తుందనే చెప్పాను. ఈ వారం పని 32వ పేజీ. 31లో వెలిగిన ఐదు దీపాలు ఒకేసారి ఆరి, ఆరోది ఒక్కటే వెలగాలి. ఆ వెలుతురు కరణం ముఖానికి ఎడమవైపు పడేలా గళ్ళ పుస్తకంలో రెండు నమూనాలు గీశాను. గోధుమ రంగు బదులు తెలుపు ఎన్ని చుక్కలు వేయాలో రేపు రాత్రి తెరమీద చూసి తేల్చుకుంటాను.