బడి చెప్పులు

ఏడో తరగతిలో నాకు బలపాల పిచ్చి పట్టింది. పలక వయసు దాటిపోయినా తమ్ముడి సంచిలోంచి తీసి కొరికేదాన్ని. అవి అయిపోతే అమ్మ బియ్యం ఏరుతుంటే పక్కన చేరి గుప్పెడు నోట్లో పోసుకునేదాన్ని. తొలి చినుకులకి మట్టిగోడ తడిస్తే ఆ వాసనకే నోరూరేది. అమ్మ తిట్టింది, కొట్టింది. నేను మానలేకపోయాను.

మాది కోనసీమ. ఇంటి వెనకే కొబ్బరితోట. 1994లో మా వీధిలో మరుగుదొడ్డి ఉన్న ఇళ్లు రెండే. మిగతావాళ్లందరం తెల్లారకముందే చెంబు పట్టుకుని తోటలోకి వెళ్లాల్సిందే. చెట్ల నీడకి ఆ ఇసుకనేల ఎప్పుడూ చెమ్మగా ఉండేది, వట్టి కాళ్లకి చల్లగా తగిలేది. అప్పుడప్పుడూ కాలివేళ్ల సందుల్లో ఎర్రగా పొక్కి దురద పెట్టేది. పసుపు, కొబ్బరినూనె కలిపి రాస్తే నాలుగు రోజుల్లో తగ్గిపోయేది. అంతటితో ఆ సంగతి మర్చిపోయేవాళ్లం.

దసరా సెలవులయ్యేసరికి బడిదాకా నడవలేకపోయాను. దారిలో రెండు మూడు చోట్ల కూర్చోవాల్సి వచ్చేది. గుండె దడదడలాడేది. ముఖం పాలిపోయి కాస్త ఉబ్బింది. చూసినవాళ్లంతా పచ్చకామెర్లే అన్నారు. మూడు ఆదివారాలు పసరు తాగించారు, ఉప్పు లేని కూడు పెట్టారు. ఇంకా నీరసించిపోయాను. అమ్మానాన్నల తప్పేం లేదు, వాళ్లకి తెలిసిందంతా చేశారు. కానీ ఆ నెలరోజులు తలచుకుంటే ఇప్పటికీ నాకు ఏడుపొస్తుంది.

చివరికి అమలాపురంలో పిల్లల డాక్టరుగారికి చూపించారు. ఆయన నా కంటి కింది రెప్ప లాగి చూసి, "మట్టిగానీ సుద్దగానీ తింటున్నావా తల్లీ?" అని అడిగారు. నేను తల దించుకున్నాను. ఆయన కోప్పడలేదు. ఒంట్లో ఇనుము తగ్గిపోతే మనసు అలా మట్టి మీదకి పోతుందని అమ్మకి చెప్పారు. హిమోగ్లోబిన్ 5.8 ఉంది. ఆ వయసుకి 12 ఉండాలట. మల పరీక్షలో కొంకిపురుగు గుడ్లు కనిపించాయి.

మలంతో నేలమీద పడిన గుడ్లు ఒకటి రెండు రోజుల్లో పిల్లలవుతాయని, మరో వారం గడిస్తే వట్టి పాదాల చర్మంలోంచి దూరతాయని ఆయన చెబుతుంటే నా అరికాళ్లు జిల్లుమన్నాయి. నేను పసుపు రాసుకున్న దురద అదే. అక్కడినుంచి రక్తంలో కలిసి ఊపిరితిత్తులకి చేరి, గొంతులోకి వచ్చి, మింగుడుపడి పేగుకి చేరతాయి. సెంటీమీటరు పురుగు పేగుగోడని కరిచి పట్టుకుని రోజూ రక్తం పీలుస్తుంది.

ఆల్బెండజోల్ మాత్ర నమిలి మింగాను. అది ఒక్కరోజు పని. ఐరన్ మాత్రలు మాత్రం మూడు నెలలు దాటి వాడాను. మలం నల్లగా వస్తే అమ్మ హడలిపోయింది, ఆ మాత్రలకి అలాగే వస్తుందన్నారు. రెండో నెలలో ఒకరోజు పెన్సిల్ కోసం తమ్ముడి సంచి తెరిచాను. అడుగున బలపం ముక్క ఉంది. దాన్ని చేతిలోకి తీసుకుని చూశాను. నోరూరలేదు! పరిగెత్తుకెళ్లి అమ్మకి చెప్పాను.

మరుసటి ఏడు వానాకాలానికి మళ్లీ ఆయాసం మొదలైంది. మళ్లీ అవే గుడ్లు.

"చెప్పులు వేసుకోమన్నాను కదమ్మా?"

"వేసుకుంటున్నానండి. బడికి రోజూ అవే."

"తోటలోకి?"

నాకు మాట రాలేదు. కొత్త చెప్పులు బురదలో పాడవుతాయని గడపలోనే విడిచి వెళ్లేదాన్ని. ఇంట్లో అందరమూ అంతే. మాత్ర ఆ రోజు కడుపులో ఉన్న పురుగుల్నే చంపుతుంది, రేపు కొత్తగా ఎక్కేవాటిని ఆపలేదు. ఈసారి అమ్మకి, నాన్నకి, తమ్ముడికి కూడా మాత్రలిచ్చారు. నాన్న అప్పు చేసి మరుగుదొడ్డి కట్టించారు. దాని తలుపు దగ్గర ఒక జత రబ్బరు చెప్పులు, గోడమీద సబ్బుముక్క. నానమ్మని దాంట్లోకి పంపడానికి మాత్రం ఏడాది పట్టింది.

ఇప్పుడు నేను టీచర్ని. 2015 నుంచి జాతీయ నులిపురుగుల నివారణ దినం జరుగుతోంది, ఫిబ్రవరి 10న, ఆగస్టు 10న. మా పిల్లలకి 400 మిల్లీగ్రాముల మాత్ర నా ఎదుటే నమిలిస్తాను. జ్వరంతో ఉన్నవాళ్లకి, రానివాళ్లకి తర్వాత వారంలో ఇస్తాం. మాత్ర వేసుకున్నాక కొందరికి కడుపులో తిప్పుతుంది, కాసేపు పడుకోబెడతాను. అప్పుడే ఒక్కొక్కరినీ దగ్గరికి పిలిచి, దొడ్డికి వెళ్లేటప్పుడు కాళ్లకి ఏం వేసుకుంటారని అడుగుతాను. చెప్పులు వేసుకుంటావా అని అడగను. అలా అడిగితే అందరూ అవునంటారు, నేనూ అలాగే అన్నాను.

మొన్న నాలుగో తరగతి పిల్ల పెదవుల మీద తెల్లగా సుద్ద కనిపించింది. రెప్ప లాగి చూశాను. సాయంత్రం వాళ్లమ్మ వస్తే తిట్టొద్దని ముందే చెప్పి, అప్పుడు విషయం చెప్పాను. రేపు పొద్దున్న పీహెచ్‌సీకి రక్తపరీక్షకి తీసుకెళ్తానంది. నేనూ వెళ్తున్నాను.