గుండుసూది దగ్గర ఆగిపోయాను
డిగ్రీలో పొలిటికల్ ఎకానమీ (రాజకీయాలనీ ఆర్థిక వ్యవస్థనీ కలిపి చదివే సబ్జెక్టు) తీసుకున్నానంటే చాలామంది "రాజకీయాల్లోకి వెళ్తావా?" అని అడుగుతారు, నవ్వి ఊరుకుంటాను. నిజానికి మాకు మొదటి సెమిస్టర్‌లో సగం గుండుసూది దగ్గరే గడిచింది. 1776లో ఆర్థికవేత్త ఆడమ్ స్మిత్ తన 'వెల్త్ ఆఫ్ నేషన్స్' పుస్తకంలో చెప్పిన లెక్క అది: పని పంచుకుంటే పదిమంది రోజుకు 48,000 సూదులు చేస్తారు, ఒక్కడే అన్నీ చేసుకుంటే 20 కూడా కష్టమే. ఇంతవరకూ అందరికీ తెలుసు. కానీ అదే పుస్తకం చివరి భాగంలో అతనే, జీవితమంతా ఆ ఒకటి రెండు పనులే చేసే మనిషి బుర్ర మొద్దుబారుతుందనీ, దేశం మంచిచెడ్డలు ఆలోచించే శక్తి కూడా పోతుందనీ, అందుకే సామాన్యుల పిల్లల చదువు ప్రభుత్వం పట్టించుకోవాలనీ రాశాడు. నేనైతే ఆ ముక్క చదవకుండానే క్లాసుకి వెళ్లి, చర్చకి లేపితే నీళ్లు నమిలాను. ఆ రాత్రే కూర్చుని చదివా.