10×12 గదికి ఏ స్పీకర్లు?

స్పీకర్ కొనేముందు టేపుతో గది కొలవండి. 10×12 అడుగుల గదికి 4, 5 అంగుళాల ఊఫర్ (బేస్, అంటే కింది స్వరాలు పలికే భాగం) ఉన్న బుక్‌షెల్ఫ్ జత, అంటే అరలో పట్టే చిన్న స్పీకర్లు, చాలు. అంతకన్నా పెద్దది పెట్టినకొద్దీ గదే ఎక్కువ మోగుతుంది: 12 అడుగుల వైపు సుమారు 47 హెర్ట్జ్ (సెకనుకు 47 కంపనాలు) దగ్గర, 10 అడుగుల వైపు 56 దగ్గర. బేస్ గిటార్‌లో ఒక స్వరం ఉబ్బిపోయి, పక్క స్వరం మాయమైపోయేది అందుకే.

స్పీకర్ పెట్టె వెనక పోర్టు (గాలి వచ్చిపోయే రంధ్రం) ఉంటే గోడకు కనీసం 20 సెం.మీ. ఎడం ఇవ్వండి. అంత చోటు లేకపోతే పోర్టు లేని, పూర్తిగా మూసిన పెట్టె మేలు. మూలల్లో మాత్రం దయచేసి పెట్టొద్దు, బేస్ బురదైపోతుంది.

ట్వీటర్ (పై స్వరాలు పలికే చిన్న భాగం) మీరు కూర్చున్నప్పటి చెవి ఎత్తులో ఉండాలి. రెండు స్పీకర్ల మధ్య ఎంత దూరమో, మీకూ వాటికీ మధ్య కూడా దాదాపు అంతే: 1.5 నుంచి 2 మీటర్లు. టైల్స్ నేల మీద తివాచీ పరిస్తే పై స్వరాల గరుకుతనం తగ్గుతుంది.

బేస్ పలచగా ఉండి, పాడేవారి గొంతు మధ్యలో నిలవకపోతే స్పీకర్‌ని తిట్టకండి. ముందు వైర్లు చూడండి. ఒకవైపు ప్లస్, మైనస్ తారుమారై ఉంటాయి.