స్టోక్ రోలో కాశీరాజు బావి

ఇంగ్లండులోని రెడింగ్‌లో ఉంటూ, చుట్టుపక్కల పల్లెల్లో పెద్దవాళ్ళ ఇళ్ళకు వెళ్ళి వాళ్ళను చూసుకోవడం నా పని. స్నానం చేయిస్తాను, మందులిస్తాను, టీ పెట్టిస్తాను. ఒక ఇంటికీ ఇంకో ఇంటికీ మధ్య ఖాళీకి జీతం రాదు. వచ్చిన కొత్తలో ఆ కాసేపూ కారులోనే కూర్చుని ఏడ్చేదాన్ని.

అలా ఒకరోజు ఆక్స్‌ఫర్డ్‌షైర్‌లోని స్టోక్ రో అనే ఊళ్ళో కారు ఆపాను. రోడ్డు పక్కన చిన్న గుమ్మటం. దాని కింద బావి, చేదే యంత్రం మీద బంగారు రంగు ఏనుగు బొమ్మ! ఏనుగును చూడగానే కారు దిగేశాను. ఈ బావి కాశీ మహారాజు ఇచ్చాడని గుమ్మటం అంచున రాసి ఉంది.

ఇంగ్లండులో నీళ్ళ కరువేమిటి అనుకున్నాను. కానీ ఈ చిల్టర్న్ గుట్టలు సుద్దనేల. ఎంత వాన పడ్డా లోపలికి ఇంకిపోతుంది. జనం గుంటల్లో నిలిచిన నీళ్ళే తెచ్చుకునేవాళ్ళు. ఈ ప్రాంతం వాడైన ఎడ్వర్డ్ రీడ్ మన దేశంలో ఈస్టిండియా కంపెనీ కొలువు చేసేటప్పుడు 1831లో ఆజంగఢ్‌లో బావి తవ్వించాడు. ఇంట్లో మిగిలిన కాసిని నీళ్ళూ తాగేశాడని తన ఊరి వైపు ఒక తల్లి పిల్లవాణ్ణి కొట్టిన సంగతి కాశీరాజు ఈశ్వరీ ప్రసాద్ నారాయణ్ సింగ్‌కు చెప్పాడట. రాజు ఆ మాట మర్చిపోలేదు. తన డబ్బుతో ఇక్కడ బావి తవ్వించాడు. 1864 మే 24న, విక్టోరియా రాణి పుట్టినరోజున, దాన్ని ఊరికి అప్పగించారు.

లోతు 368 అడుగులు. అరవై నిలువులు! లండన్‌లోని సెయింట్ పాల్స్ చర్చి ఎత్తు 365 అడుగులే. వెడల్పు మాత్రం నాలుగే అడుగులు. అంతా చేత్తో తవ్విందే.

మాది అనంతపురం జిల్లా. మా నాయన ఎండాకాలంలో బావుల్లో పూడిక తీసే పనికి పోయేవాడు. తాడు పట్టుకుని దిగుతుంటే గట్టున నిలబడి చూసేదాన్ని. పది నిలువులకే మనిషి కనబడకుండా పోయేవాడు. మాట మాత్రం గుండ్రంగా తిరిగి పైకొచ్చేది. ఈ నాలుగడుగుల గొయ్యిలో కూర్చుని సుద్ద తవ్వినవాళ్ళ ఇంటివాళ్ళు కూడా ఇలాగే పైన నిలబడి ఉంటారు. రాజు పేరు, రీడ్ పేరు అందరికీ తెలుసు. తవ్వినవాళ్ళ పేర్లు కూడా ఆ గుమ్మటం మీద ఉండాల్సింది.

నాకు బాగా నచ్చింది ఇంకొకటుంది. బావి ఖర్చులకని పక్కనే చెర్రీ తోట వేయించి, దానికి ఈశ్రీ బాగ్ అని పేరు పెట్టారు. పండ్లు అమ్మిన డబ్బులు బావికి, నీళ్ళు ఊరందరికీ ఉచితం. దానమిచ్చి వదిలేయకుండా రేపటి సంగతీ చూశారు.

నేను చూసుకునే ఒక పెద్దావిడను ఈ బావి గురించి అడిగాను. వాళ్ళమ్మ చిన్నప్పుడు ఇక్కడే నీళ్ళు చేదుకునేదట. ఒక్క బొక్కెన పైకి రావడానికి పది నిమిషాలు పట్టేదని చెబుతూ, వణికే చేత్తో గాలిలో హ్యాండిల్ తిప్పి చూపించింది.

ఆ సాయంత్రం వీడియో కాల్‌లో అమ్మకు బావి ఫొటోలు చూపించాను. రాజు గురించి గానీ ఏనుగు గురించి గానీ ఏమీ అడగలేదు.

"మంచినీళ్ళేనా పాపా, ఉప్పునీళ్ళా?"

"మంచినీళ్ళేమా" అన్నాను.