ఉప్పెనకి రెండేళ్ల ముందు

కార్తీకమాసంలో దివిసీమ వెళ్తానంటే ఇంట్లో ఒకటే గోల: ‘వాయుగుండం అంటున్నారు, ఇప్పుడే వెళ్లాలా?’ నిజానికి అందుకే వెళ్లాలనిపించింది. విజయవాడలో బస్సెక్కి, చల్లపల్లి, మోపిదేవి మీదుగా పులిగడ్డ ఆక్విడక్టు దాటాను. అవనిగడ్డలో దిగేసరికి సన్నటి ముసురు.

నాగాయలంక వైపు ఆటో మాట్లాడుకున్నాను. దారి పొడవునా నేను మబ్బుల్ని చూస్తుంటే, డ్రైవర్ చేలను చూస్తున్నాడు. కౌలుకి రెండెకరాలు వేశాడట. ‘ఇంకో పది రోజులు ఆగితే చాలండి. కోశాక పనల మీద తడిస్తే మొలకలొచ్చేస్తాయి.’

వయసెంతని అడిగితే, ‘ఉప్పెనకి రెండేళ్ల ముందు పుట్టానండి’ అన్నాడు.

సొర్లగొంది టీ కొట్టు దగ్గరా అదే లెక్క. ఒకావిడ పెళ్లి ఉప్పెన ఏడాది వేసవిలో అయిందట. 1977 అని ఒక్కరూ అనరు.

ఆ నవంబరు 19 శనివారం గురించి అడిగితే గాలి సంగతి రెండు ముక్కల్లో తేల్చేస్తారు. చెప్పేదంతా నీళ్ల గురించే. ఇక్కడ నేల పళ్లెంలా చదును, ఒడ్డు దగ్గర సముద్రం లోతూ తక్కువే. గాలి తోసుకొచ్చిన నీరు ఇంకెటూ పోలేక సుమారు ఐదు మీటర్లు లేచి ఊళ్ల మీద పడింది. సర్కారు లెక్కల్లోనే వేలమంది పోయారు. సొర్లగొంది దాదాపు తుడిచిపెట్టుకుపోయింది.

‘తుమ్మచెట్లు పట్టుకున్నోళ్లకి ఒళ్లంతా ముళ్లే. అయినా బతికారు’ అంది ఆవిడ, నా టీ చల్లారిపోతోందని గుర్తుచేస్తూ.

ఆ దారిలోనే ఒక తుఫాను షెల్టర్ కనిపిస్తే ఆగాను. స్తంభాల మధ్య మేకలు, ఆరేసిన వలలు. పైగదికి తాళం. అది ఎవరి దగ్గరుందని అడిగితే ముగ్గురు మూడు పేర్లు చెప్పారు. వాయుగుండం రోజుల్లో వినాల్సిన జవాబు కాదది.

హంసలదీవిలో వేణుగోపాలస్వామి దర్శనం అయింది. ఉప్పెన వచ్చినప్పుడు గుళ్లోకి చేరినవాళ్లు బతికారని అక్కడివాళ్లు చెబుతారు. పాలకాయతిప్ప దాకా వెళ్దామంటే పోలీసులు వెనక్కి పంపేశారు. సముద్రం చూడకుండానే తిరుగుబస్సు ఎక్కాను.

వాయుగుండం బలహీనపడిందని టీవీలో చెప్పిన రోజు ఆటో ఆయనకి ఫోన్ చేశాను.

‘గాలి రాలేదండి. వానకే చేను పడిపోయింది. కోత మిషన్ కోసం తిరుగుతున్నా, మళ్లీ చేస్తాను’ అన్నాడు.